ప్రార్థన వద్దన్న ఇల్లు

మా ఆయన గూడ్సు రైలు గార్డు. నేను కాలేజీ విద్యార్థుల క్రైస్తవ సహవాసంలో పూర్తికాలం పనిచేసినదాన్ని. ఇద్దరమూ ఒకే పట్టాల మీద బతికాం. ఆయన సరుకు బండితో పోయేవాడు, నేను పాసింజరులో ధర్మవరం నుంచి పెనుకొండకూ, హిందూపురానికీ పోయేదాన్ని. ఆ మూడు ఊళ్ల కాలేజీల్లో చదివే క్రైస్తవ పిల్లల్నీ, వాళ్లతోపాటు పాటల కోసం వచ్చే ఇతర పిల్లల్నీ వారానికోసారి ఒకచోట కూర్చోబెట్టడం నా ఉద్యోగం. ఉద్యోగమంటే మావాళ్లు ఒప్పుకోరు, సేవ అనాలంటారు. జీతం తీసుకున్నాను, వయసు అయిపోయిందని ఇంటికి పంపితే వచ్చేశాను. కాబట్టి ఉద్యోగమనే అంటాను.

ఈ మధ్య ఇద్దరమ్మాయిలు ధర్మవరంలో మా ఇంటికి వచ్చారు. ఇదే పనిలో కొత్తగా చేరారట. మీ అనుభవాలు చెప్పండి అన్నారు. బైబిలు పాఠం ఎట్లా చెప్పాలి, శిబిరం ఎట్లా నడపాలి అనేవి శిక్షణలో వాళ్లకు నేర్పుతారు. నేర్పనిది ఒకటుంది. అది నోటితో చెప్పబోయి సగంలోనే ఆపేశాను. అందుకని రాస్తున్నాను.

రత్నం సారు వరండా

నేను చెన్నేకొత్తపల్లి దగ్గరి పల్లెదాన్ని. హాస్టలు సీటు హిందూపురంలో దొరికింది కాబట్టి డిగ్రీకి అక్కడికి వెళ్లాను. అప్పటికే అక్కడ సహవాసం ఉంది.

కోస్తా జిల్లాల్లో మిషనరీలు పెట్టిన పాత కాలేజీల్లో ఇలాంటి విద్యార్థి సంఘాలు ఎప్పటినుంచో ఉండేవట. అక్కడ గంట కొట్టి ప్రార్థనకు పిలిచేవారు, ప్రిన్సిపాలే నిలబడి వాక్యం చదివేవారు. సర్కారు కాలేజీలో అవేవీ ఉండవు. ఎవరి దేవుణ్ణి వాళ్లు ఇంట్లో వదిలి రావాలి. మా పల్లెల నుంచి మొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లలకు అక్కడ తెలిసిన మొహం ఒక్కటీ ఉండేది కాదు. అలాంటి కోస్తా కాలేజీలో చదువుకుని, ఫిజిక్సు లెక్చరరుగా హిందూపురానికి బదిలీ మీద వచ్చిన రత్నం సారు తన అద్దె ఇంటి వరండాలో చాప పరిచి ఆదివారం మధ్యాహ్నాలు పిల్లల్ని పిలిచారు. మా మూడు ఊళ్లలో సహవాసానికి అదే పుట్టుక.

ఆయన పెట్టిన నియమాలు రెండే. పిల్లలే నడపాలి, పెద్దవాళ్లు వెనక కూర్చోవాలి. మీది ఏ చర్చి అని ఎవరూ ఎవర్నీ అడగకూడదు. చెప్పకుండా పాటించిన మూడో నియమం ఆయన భార్యది. ఆమె సంగటి కెలికి, పప్పు చేసి, అందరినీ ఒకే వరసలో కూర్చోబెట్టేది. క్రైస్తవుల్లో కులం లేదని మీకు ఎవరైనా చెబితే నమ్మకండి. మా పల్లె చర్చిలో రెండు పేటలవాళ్లు రెండు పక్కల కూర్చునేవాళ్లు. పక్కపేట అబ్బాయి మోచెయ్యి తగిలేంత దగ్గరగా కూర్చుని తిన్న మొదటిరోజు నాకు ముద్ద దిగలేదు. మరుసటి ఏడు ఆ సంగతే మరిచిపోయాను. నా జీవితంలో దేవుడు చేసిన అద్భుతం ఏదంటే నేను ఈ సంగటి ముద్దనే చెబుతాను.

తర్వాత ప్రిన్సిపాలుగా వచ్చినాయన నిష్ఠగా సంధ్యావందనం చేసే మనిషి. రత్నం సారు బదిలీ అయిపోతే పిల్లలు చోటు లేక తిరుగుతున్నారని విని ఆయనే పిలిచి, శుక్రవారం క్లాసులయ్యాక బాటనీ గది వాడుకొమ్మన్నారు. గోడలకు పాటలు తగిలితే సున్నం రాలదు కదా అన్నారట. నేను ఉద్యోగంలో చేరేనాటికి బాటనీ గది నిండి, ఆలస్యంగా వచ్చినవాళ్లు కిటికీ పక్కన బయట నిలబడేవాళ్లు.

పని అంటే ఏమిటి

ప్రసంగాలు చేయడమని అనుకుంటారు. నేను చేసినవి కొన్నే. ఎక్కువ కాలం హాస్టలు మెట్ల మీద కూర్చున్నాను. చారు నీళ్లగా ఉందనీ, లెక్కల్లో తప్పాననీ, ఇంట్లో చదువు మాన్పిస్తున్నారనీ పిల్లలు చెప్పుకునేవాళ్లు. వినడమే పని.

సగంమంది పిల్లలకు రెండు పేర్లుండేవి. క్రైస్తవులమని రాయించుకుంటే ఎస్సీ రిజర్వేషను పోతుంది. కాలేజీ హాజరులో లక్ష్మీదేవి, మా గదిలో లీదియ. ఎవరి ముందు ఏ పేరుతో పిలవాలో నేర్చుకోవడమే నాకు మొదట్లో పెద్ద చదువు. ఆ పిల్లల్ని దొంగలని, పిరికివాళ్లని తిట్టే పెద్దలు మీకు ఎదురవుతారు. పట్టించుకోకండి. ఆ చట్టం పిల్లలు చేసింది కాదు.

నన్ను ఈ పనిలో పెట్టింది దేవదానం గారు. అనంతపురంలో ఉండేవారు, రిటైరైన హెడ్మాస్టరు, జిల్లా అంతటికీ మా పెద్ద. పెళ్లయిన ఆడమనిషి రైళ్లలో తిరగడమేమిటని కమిటీలో ఎవరో అంటే, ఆడపిల్లల హాస్టలు గేటు మీరు దాటి పోగలరా అని అడిగి నోరు మూయించారు. ఏ విద్యార్థిని చూసినా ఊరు, తల్లిదండ్రుల పని గుర్తుపెట్టుకుని అడిగేవారు. ఆయన దగ్గర నేర్చుకున్నదే నేను బతుకంతా వాడుకున్నాను. ఆయనకున్న బలహీనత ఒకటే. పెద్ద సభంటే మురిసిపోయేవారు. పట్నం నుంచి వచ్చి జనాన్ని ఏడిపించి నవ్వించే ప్రసంగీకులంటే ఆయనకు చిన్నపిల్లవాడి మోజు. మంచి మనిషి. ఆయన గురించి ఇకముందు రాయబోయేది చదివేటప్పుడు ఈ మాట మరిచిపోవద్దు.

ఎస్తేరు

ఎస్తేరుది పరిగి పక్క పల్లె. తండ్రి హనుమంతప్ప కొద్దిపాటి పొలంలో మల్బరీ పెట్టి పట్టుపురుగులు మేపేవాడు. తల్లి మార్తమ్మ. ఒక్కతే కూతురు. హిందూపురంలో బీఎస్సీ చదువుతూ హాస్టలులో ఉండేది. ఆ ఏడు సహవాసంలో ఆడపిల్లల నాయకురాలు ఆమే.

ఆమె గొంతు గొప్పది కాదు. బైబిలు అందరికంటే బాగా తెలిసిందీ కాదు. ఆమెకున్న గుణం వేరు. గదిలోకి వచ్చీరాగానే ఎవరు రాలేదో చూసేది. పాట మొదలయ్యేలోపు మాయమై, హాస్టలులో ముసుగుతన్ని పడుకున్న అమ్మాయిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేది. లెక్చరర్ల నడకలు అనుకరించి అందర్నీ నవ్వించేది. నా నడక కూడా చేసేదని, నేను లేనప్పుడే చేసేదని తర్వాత తెలిసింది.

ఆమె జతగత్తె పద్మజ. బజారులో వంటపాత్రల అంగడి ఉన్న శెట్టిగారి కూతురు. బొట్టు పెట్టుకుని వచ్చి రెండో వరసలో కూర్చుని మాతోపాటు పాడేది. మతం మారే ఉద్దేశం ఆమెకు లేదు. మార్చాలనే ఉద్దేశం ఎస్తేరుకు లేదు. ఎస్తేరు ఎక్కడుంటే తనూ అక్కడ ఉండాలి, అంతే.

ఎస్తేరుకు చిన్నప్పటినుంచి ఫిట్స్ ఉన్నాయి. హిందూపురంలో ఒక డాక్టరు రాసిచ్చిన మాత్రలు రోజూ వేసుకునేది. కాలేజీలో చేరాక ఒక్కసారి కూడా రాలేదు. పదిమందికి తెలిస్తే కూతురి బతుకేమవుతుందోనని మార్తమ్మ ఎవరికీ చెప్పనిచ్చేది కాదు. కాలేజీలో ఆ సంగతి తెలిసింది పద్మజకు, నాకు మాత్రమే.

పెనుకొండ శిబిరం

దసరా సెలవుల్లో మూడు ఊళ్ల పిల్లలకూ కలిపి పెనుకొండలో కొండ కింద ఒక బడిలో శిబిరం పెట్టాం. దేవదానం గారు బెంగళూరు నుంచి ఒక యువ ప్రసంగీకుణ్ణి పిలిపించారు. అతని పేరు రాయను. గిటారు వాయించేవాడు, తెలుగూ కన్నడమూ ఇంగ్లీషూ కలిపి మాట్లాడేవాడు. పిల్లలకు వెర్రిగా నచ్చాడు. మొదటిరోజు నాకూ నచ్చాడు.

చివరిరోజు మధ్యాహ్నం నేను బడి వెనక వంటల దగ్గర ఉన్నాను. లోపల అతను జబ్బులున్నవాళ్లను ముందుకు రమ్మన్నాడు. ఎస్తేరు లేచి వెళ్లింది. ఇన్నేళ్లు దాచిన సంగతిని అందరి ముందూ చెప్పింది. తల మీద చెయ్యి పెట్టి అతను ప్రార్థన చేశాడు. నేటితో నీకు ఆ జబ్బు లేదు, నమ్ముతావా అని అడిగాడు. నమ్ముతానంది. నమ్మినదానివి ఇక మందులతో పనేముంది అన్నాడు. ఆ గదిలో ఉన్న ఒకరిద్దరు కాదు, చాలామంది ఈ మాటలు విన్నారు. నాకు తర్వాత చెప్పిన మనుషులందరూ ఒకేలా చెప్పారు.

ఆ సాయంత్రం పిల్లలందరూ కొండెక్కారు. దిగి వచ్చేటప్పుడు ఎస్తేరు మొహం చూశాను. అంత తేలిగ్గా ఉన్న మొహం ఆమెది అంతకుముందు చూడలేదు. శిబిరం బాగా జరిగినందుకు అనుకున్నాను. అందరి ముందూ చెప్పేసినందుకు కూడా ఆ తేలిక వచ్చి ఉంటుందని ఇప్పుడు అనుకుంటాను. చిన్నప్పటినుంచి మోసిన భయం అది.

తట్టిన తలుపులు

సెలవులయ్యాక హిందూపురంలో రైలు దిగేసరికి ప్లాట్‌ఫారం మీద పద్మజ నిలబడి ఉంది. ఎప్పుడూ స్టేషనుకు వచ్చే పిల్ల కాదు.

"అక్కా, ఎస్తేరు మాత్రలు మానేసినాది. మా ఇంట్లో పండక్కి వచ్చినప్పుడు అడిగితే నవ్వి ఊరుకున్నాది. మీరు చెప్తే వింటాది" అంది.

నేరుగా కాలేజీకి వెళ్లి ఎస్తేరును మెట్ల మీద కూర్చోబెట్టి అడిగాను. దాచలేదు. బాగైపోయిందని చెప్పింది. బాగైందని డాక్టరు చెప్పాడా అన్నాను. డాక్టరు దగ్గరికి పోతే నమ్మనట్టే కదా అంది. నాకు థైరాయిడు ఉంది, రోజూ పొద్దున్నే మాత్ర మింగుతాను, అయితే నాకు నమ్మకం లేదంటావా అని అడిగాను.

"నీకు ఆ మాట రాలేదు గదక్కా. నాకు వచ్చినాది" అంది.

పొగరుతో అనలేదు. నా మీద జాలిపడుతున్నట్టు అంది. ఎంతసేపు చెప్పినా అక్కడి నుంచి కదల్లేదు. డాక్టరు దగ్గరికి నేనూ పద్మజా వెళ్లి సంగతి చెప్పాం. ఈ మాత్రలు ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికొస్తుంది, వెంటనే తీసుకురండి అన్నాడు. ఎస్తేరు రాలేదు.

ఆమెకు ఆ మాట ఇచ్చిన మనిషే వెనక్కి తీసుకోవాలనిపించింది. బెంగళూరుకు ఫోను చేశాను. ప్రసంగీకుడు మర్యాదగానే మాట్లాడాడు. నేను మానమని ఆజ్ఞాపించలేదు, ఆమె విశ్వాసానికి వదిలాను అన్నాడు. అయితే వేసుకొమ్మని ఒక్క మాట చెప్పండి, మీ మాటే వింటుంది అని బతిమాలాను. అట్లా చెబితే ఆమె విశ్వాసాన్ని నేనే చంపినవాణ్ణవుతాను అన్నాడు. ఇంకోసారి చేస్తే ఎత్తలేదు.

దేవదానం గారికి చేశాను. ఆయన కంగారుపడ్డారు. అతను ఆదివారం అనంతపురం వస్తున్నాడు, ఎదురుగా కూర్చోబెట్టుకుని చెబుతాను, ఫోనులో చెబితే నొచ్చుకుంటాడు అన్నారు. ఆదివారం దాకా ఆగొద్దయ్యా అన్నాను. తొందరపడితే చెడుతుందమ్మా అన్నారు.

పరిగి బస్సెక్కి ఎస్తేరు పల్లెకు వెళ్లాను. హనుమంతప్ప ఆకు కోస్తున్నాడు. మార్తమ్మకు చెబితే చేతిలో ఆకుబుట్ట కింద పెట్టేసింది. కూతురు వాళ్లకు ఏమీ చెప్పలేదు. పురుగులు ఆఖరిసారి పొర విడిచి రాత్రీపగలూ మేస్తున్నాయి, రేపోమాపో గూడు కడతాయి, ఇద్దరిలో ఒకరు పోయినా మేత అందదు. శనివారం నేనే పోయి ఇంటికి పిలుచుకొస్తానని హనుమంతప్ప అన్నాడు. అతన్ని ఎవరూ తప్పుపట్టకండి. కూతురి కాలేజీ ఆ పురుగుల మీదే నడుస్తోంది. పైగా కూతురు ఆరోజు దాకా నవ్వుతూ తిరుగుతోంది.

తండ్రి శనివారం అన్నాడు. పెద్దాయన ఆదివారం అన్నారు. శుక్రవారం పొద్దున హాస్టలులో మొహం కడుక్కుంటూ ఎస్తేరు పడిపోయింది.

శుక్రవారం

అమ్మాయిలు చేతిలో తాళంచెవులు పెట్టారు. తెలిసింది అంతే. ఎవరో పరుగున పోయి పద్మజకు చెబితే, వాళ్ల నాయన అంగడి తీస్తున్నవాడు తీస్తున్నట్టే వదిలి, ఆటో పట్టుకొచ్చి పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. మామూలుగా ఫిట్స్ వచ్చి తగ్గుతాయి. ఇవి తగ్గలేదు. ఒకటి ఆగీ ఆగకముందే ఇంకొకటి.

నేను చేరేసరికి మధ్యాహ్నం. బెంగళూరుకు తీసుకుపోవాలని అంబులెన్సు కోసం చూస్తున్నారు. మార్తమ్మ అప్పుడే బస్సు దిగి వచ్చింది, చేతుల నిండా మల్బరీ ఆకు పసరు. కూతురి అరికాళ్లు రుద్దుతూ పేరు పెట్టి పిలుస్తోంది. పద్మజ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. వాళ్ల నాయన డాక్టరు వెంట తిరుగుతున్నాడు. సహవాసం పిల్లలు వరండాలో మోకాళ్ల మీద ఉన్నారు.

అంబులెన్సు వచ్చింది. ఎక్కించకముందే ప్రాణం పోయింది.

మాత్రలు ఎన్నాళ్ల నుంచి మానేసిందని డాక్టరు అడిగాడు. చెప్పాను. ఆయన తల వంచుకుని, వేసుకుంటూ ఉండుంటే ఇంత దూరం వచ్చేది కాదన్నాడు.

మార్తమ్మ అడిగిన మాట

మరునాడు పల్లెలో సమాధి చేశాం. ప్రసంగీకుడు రాలేదు. దేవదానం గారు వచ్చారు. ఒక్కరోజులో ఆయన బాగా ముసలివారైనట్టు కనబడ్డారు. శవం ఇంట్లో ఉండగానే నన్ను మల్బరీ తోట గట్టు మీదికి పిలిచి, ఈ మాత్రల సంగతి ఇక్కడితో ఆగిపోనీ అన్నారు. బయటికి పొక్కితే ఏ కాలేజీలోనూ మనల్ని అడుగుపెట్టనివ్వరు, ఇన్నేళ్ల సహవాసం మట్టిలో కలుస్తుంది, ఆ తల్లికి దేవుని చిత్తమని చెబుదాం, ఆమెకైనా అదే ఓదార్పు అన్నారు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. నటన కాదు.

లోపలికి వచ్చాం. మార్తమ్మ కూతురి తల దగ్గర కూర్చుని ఉంది. చుట్టూ పల్లె ఆడవాళ్లు, ఒక మూల పద్మజ, గడప దగ్గర హనుమంతప్ప. ఆమె నన్ను చూసి దగ్గరికి రమ్మంది.

"అక్కా, నువ్వు చెప్పు. మాత్ర మింగింటే నా బిడ్డ బతికేదా?"

దేవదానం గారు నా వైపు చూశారు.

"బతికేదమ్మా. డాక్టరు అదే చెప్పినాడు" అన్నాను.

మార్తమ్మ ఏడవలేదు. అప్పటిదాకా ఏడుస్తున్నది కూడా ఆపేసింది. కూతురి జుట్టు సరిచేసి, లేచి, గోడ వైపు తిరిగి నిలబడింది. హనుమంతప్ప బయటికి వెళ్లిపోయాడు. సమాధి దగ్గర దేవదానం గారు ప్రార్థన చేశారు. అందులో ఆయన దేవుని చిత్తం అన్నారు.

అట్లా చెప్పడం క్రూరమని చాలామంది నాతో అన్నారు. మా ఆయన కూడా అన్నాడు. శవం ముందు ఆ మాట అవసరమా అన్నాడు. అవసరమే అని నేను ఇప్పటికీ అంటాను. ఆమె అడిగింది. నేను అబద్ధమాడితే, కూతుర్ని దేవుడే చంపాడని ఆమె నమ్మాలి. మనిషి చేసిన తప్పును తీసుకెళ్లి దేవుని ఖాతాలో వేయడం మనవాళ్లకు బాగా అలవాటు. నిజం ఆమెకు ఓదార్పు ఇవ్వలేదు, అది నాకు తెలుసు. నిజం తెలిసే హక్కు మాత్రం ఆమెదే.

బాటనీ గది

ఆ తర్వాత మా సమావేశాలకు ఆ ప్రసంగీకుణ్ణి ఇక పిలవకూడదని దేవదానం గారు కమిటీలో పట్టుబట్టి నిర్ణయం చేయించారు. ఎందుకో మాత్రం ఎక్కడా చెప్పలేదు. అదే పెద్ద తప్పని నా అభిప్రాయం. కారణం తెలియనందువల్ల వేరే జిల్లావాళ్లు అతన్ని పిలిచారు. అక్కడా పిల్లలు లేచి ముందుకు వెళ్లి ఉంటారు. దేవదానం గారు పోయేదాకా నాతో మర్యాదగా మాట్లాడారు కానీ, ఎస్తేరు పేరు మళ్లీ ఆయన నోట రాలేదు.

నేను మూడు ఊళ్లలోనూ పిల్లలకు జరిగింది జరిగినట్టు చెప్పాను. హిందూపురంలో బాటనీ గది కిక్కిరిసి ఉంది. చెప్పడం అయ్యాక ఒక అబ్బాయి లేచి, ఎస్తేరక్క మనసులో ఎక్కడో కాస్త సందేహం ఉండుంటుంది, అందుకే అట్లా జరిగింది అన్నాడు. కొందరు తలూపారు. వాళ్లను కూడా అర్థం చేసుకోండి. ఆ మాట నమ్మకపోతే వాళ్ల శిబిరం, వాళ్ల ఏడుపులు, వాళ్ల పాటలు అన్నీ కూలిపోతాయని భయం.

రెండో వరసలో నుంచి పద్మజ లేచింది.

"నమ్మింది కాబట్టే చచ్చిపోయినాది. మీ మాదిరి ఉత్త నోటితో నమ్మింటే ఈ పొద్దు నా పక్కన కూర్చోనుండు" అంది.

పుస్తకాలు తీసుకుని వెళ్లిపోయింది. ఆ గదికి మళ్లీ రాలేదు. ఆమె వెనక ఇంకొందరు రావడం మానేశారు. తలూపినవాళ్లు బెంగళూరులో పెద్ద కూడికలకు పోవడం మొదలుపెట్టారు. మిగిలినవాళ్లం చాలా తక్కువమందిమి.

సహవాసం ఎస్తేరు వల్లనే పోయిందంటే అన్యాయమవుతుంది. తర్వాత వచ్చిన ప్రిన్సిపాలు గది ఇవ్వనన్నారు. మతం పేరుతో నలుగురు కూడితే అనుమానంగా చూసే రోజులు వచ్చాయి. ప్రైవేటు కాలేజీలు తెల్లవారినప్పటినుంచి పొద్దుపోయేదాకా పిల్లల్ని చదివిస్తున్నాయి, వాళ్లకు శుక్రవారం సాయంత్రమనేదే లేదు. పాటలూ ప్రసంగాలూ చేతిలో ఫోనులోకి వచ్చేశాయి, ఇంకొకరి పక్కన కూర్చునే అవసరం తప్పింది. పెనుకొండలో ముందు ఆగిపోయింది, తర్వాత హిందూపురంలో. ధర్మవరంలో చివరిదాకా వచ్చిన పిల్లలు మా ఇంటి వసారాలో సరిపోయేవాళ్లు. నేను రిటైరయ్యాక అదీ ఆగింది.

ఇప్పుడు మీరు మళ్లీ మొదలుపెట్టబోతున్నారు. రత్నం సారులాగా చాప పరిచే మొదలుపెట్టాలి. ఆశపడండి, నేను వద్దనను. ఒక్కటి అడుగుతాను. కొత్త పిల్ల వస్తే ఏ మందులు వేసుకుంటున్నావమ్మా అని కనుక్కోండి. పట్నం నుంచి ఎంత గొప్పవాడు వచ్చినా, మాత్ర మానమని ఒక్క మాట అంటే ఆ సభలోనే లేచి నిలబడి కాదనండి. సభ చెడిపోతే చెడిపోనివ్వండి.

పరిగి బస్సు

సమాధి అయ్యాక కొన్నాళ్లకు ఆ పల్లెకు వెళ్లాను. రానిస్తారో లేదో తెలియదు. మార్తమ్మ చాప వేసి కూర్చోమంది. అన్నం పెట్టింది. పురుగుల పంట ఎట్లా వచ్చిందో చెప్పింది. లేవబోయే ముందు, ఏ ఇంట్లోనైనా చేసినట్టే, తల వంచి కళ్లు మూసుకున్నాను. ఆమె నా ముంజేయి పట్టుకుంది.

"రా అక్కా, ఎప్పుడైనా రా. కూర్చో, తిను. ప్రార్థన మాత్రం ఈ ఇంట్లో వద్దు" అంది.

సరేనన్నాను. అప్పటినుంచి ప్రతి ఏడూ వెళ్తున్నాను. ఉద్యోగంలో ఉన్నప్పుడు నేను వెళ్లిన ఇళ్ల వివరాలు పైవాళ్లకు చెప్పాల్సి వచ్చేది. ఎవరింట్లో ప్రార్థన జరిగిందని అడిగేవాళ్లు. ఈ ఇంటి సంగతి ఎప్పుడూ చెప్పలేదు. అక్కడ నేను చేసే పని ఏమీ లేదు. తిని, కూర్చుని, వచ్చేస్తాను. పద్మజ కూడా వెళ్తుందని మార్తమ్మ చెప్పింది. పద్మజ ఇప్పుడు వాళ్ల నాయన అంగడి చూసుకుంటోంది. బజారులో కనబడితే మాట్లాడుకుంటాం. సహవాసం గురించి మాట్లాడుకోం.

మొన్న మళ్లీ వెళ్లాను. హనుమంతప్ప మోకాళ్ల నొప్పులతో పొలం కౌలుకిచ్చాడు. పురుగుల షెడ్డులో ఇప్పుడు మేకలు కడుతున్నారు. ఆయన బయట ఎండలో కూర్చుని ఉన్నాడు. లోపల నేను తింటుంటే మార్తమ్మ ఇన్నేళ్లలో ఎన్నడూ అడగనిది అడిగింది.

"కాలేజీలో శుక్రవారం పిల్లోళ్లు ఇంకా పాడతాండారా అక్కా?"

లేదన్నాను. చాలా ఏళ్లయింది ఆగిపోయి అన్నాను. అప్పటి పిల్లలు ఎక్కడున్నారని అడిగింది. తలా ఒక ఊరు, ఉద్యోగాలు, సంసారాలు, నాకే చాలామంది ఆచూకీ తెలియదని చెప్పాను. లెక్చరర్లూ బదిలీలయ్యారు, రిటైరయ్యారు. ఆమె అన్నీ విని, చేతిలో గరిటె అట్లాగే పట్టుకుని కూర్చుంది.

"అయితే నా బిడ్డ ఆడ చదివినట్టు ఆడ ఎవరికీ తెలీదు" అంది.

"తెలీదమ్మా" అన్నాను.



"ఇంకొకరైతే దేవునికి తెలుసులే అనుందురు. నువ్వనలేదు" అని, నా పళ్లెంలో ఇంకొంచెం చారు పోసింది.